ఇల్లు అని రాసిన పడీకు

పడీకు అంటే మరేం లేదు, పొట్లం. తెల్లకాగితాన్ని అడ్డంగా, నిలువుగా లెక్కగా మడిచి, లోపల పలుచటి నీలి కాగితం వేస్తారు. అందులో వజ్రాలు పోసి, పైన ఎన్ని రాళ్లు, ఎన్ని కారెట్లు అని పెన్సిల్‌తో రాస్తారు. సూరత్‌లో వరాఛా మినీబజార్ దగ్గర సాయంత్రం పూట నిలబడితే, చొక్కా జేబుల్లో ఈ పడీకులు పెట్టుకొని, నిలిపిన స్కూటర్ సీటు మీదే విప్పి చూపించే దలాళ్లు రోడ్డంతా కనబడతారు. లక్షల సరుకు ఒక కాగితం మడతలో ఉంటుంది. తాళం ఉండదు, చాలాసార్లు రసీదు కూడా ఉండదు. మా బావ ఇరవై ఆరేళ్లు ఆ పొట్లాల మధ్య బతికాడు.

ఆయన సంగతి రాస్తానంటే అక్క చాలా రోజులు ఒప్పుకోలేదు. మొన్న తనే, "రాయి తియ్యి, పేరు మాత్రం పెట్టకు" అంది.

మాది సిరిసిల్ల వైపు. సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకు ఆగినప్పుడల్లా మా పద్మశాలీలు భీవండికో సోలాపూర్‌కో సూరత్‌కో బయల్దేరేవాళ్లు. సూరత్‌లో దిగినవాళ్లలో చాలామంది లింబాయత్, ఉధనా బస్తీల్లో సర్దుకున్నారు. నేను చదివింది అక్కడి మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలోనే. బడి వదిలాక రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాసే మెహతాజీగా కుదిరాను. బావ మాత్రం సాంచ వద్దన్నాడు. 1998లో ఎవరో దోస్తు వెంట రైలుపట్టాలు దాటి వరాఛా వెళ్లి, హీరాఘసు పనిలో, అంటే వజ్రాలు సానబట్టే పనిలో, చేరాడు. వరాఛా అంటే సౌరాష్ట్ర వాళ్ల రాజ్యం. అమ్రేలీ, భావ్‌నగర్ పల్లెల నుంచి, కరువు తరిమినప్పుడల్లా వచ్చిన పటేళ్లు కట్టుకున్న ఊరది. వాళ్ల మధ్య ఈయనొక్కడే మనవాడు. ఘంటి దగ్గర ఆయన పేరు పోయి 'తెలుగు' అనే పిలుపు నిలిచింది.

ఘంటి అంటే సానబట్టే బల్ల. నూనె, వజ్రపు పొడి పూసిన ఇనప పళ్లెం మధ్యలో గిర్రున తిరుగుతుంటే, చుట్టూ నలుగురు కూచుని రాయిని ఆనిస్తుంటారు. గుండ్రటి వజ్రానికి 57 ముఖాలు తీయాలి. పై భాగం చేసేవాడు వేరు, తళియా అనే కింది భాగం చేసేవాడు వేరు. బావది తళియా. రాయి ఆనించి, తీసి, కంటికి అద్దం పెట్టుకొని చూసి, మళ్లీ ఆనించడం. రోజుకు పది పన్నెండు గంటలు ఇదే. కారెట్‌లో నూరోవంతును సెంటు అంటారు. గ్రాములో అయిదువందలో వంతు. ఆ సెంటులో ఎంత పోయిందో ఆయన చూసి చెప్పేవాడు. ఎక్కువ పోతే కూలిలో కోత.

అలాంటి మనిషి ఇంట్లో పాస్‌బుక్ తెరవడు. తెరిస్తే పాము ఉన్నట్టు చూసేవాడు.

నేను మెహతాజీని. నాకు అది వింతగా ఉండేది. ఒకసారి, పెళ్లయిన కొత్తలో, నోటుబుక్కు కొనిచ్చి "బావా, వచ్చిందీ పోయిందీ రాసిపెట్టు" అన్నాను. ఆయన నవ్వాడు. "అరే, పీసు పనోనికి లెక్కలెందుకురా? ఇయ్యాల నలభై రాళ్లు, రేపు అరవై. ఎల్లుండి కరెంటు పోతె సున్నా. ఏమని రాస్తవ్?" ఆ నోటుబుక్కులో మా మేనకోడలు ఓనమాలు దిద్దింది.

తర్వాత తర్వాత నాకు అర్థమైంది, ఆయన మాటలో అబద్ధం లేదు. నెలజీతగాడికి ఒకటో తారీఖు ఉంటుంది. దాని చుట్టూ లెక్క అల్లుకుంటుంది. రాయి లెక్కన కూలి వచ్చేవాడికి అలాంటి గూటం లేదు. అవసరం పడితే ఉపాడ్ ఉంది. ఉపాడ్ అంటే శేఠ్ దగ్గర ముందుగా తీసుకునే డబ్బు. జ్వరం వస్తే ఉపాడ్, బడి ఫీజుకు ఉపాడ్, ఊళ్లో చావుకు ఉపాడ్. శేఠ్ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు, కూలిలో కోసుకుంటాడు. వడ్డీ అడగడు, అది నిజమే. కానీ ఎంత మిగిలిందో శేఠ్ పుస్తకానికే తెలుసు. ఎవరి డబ్బు లెక్క ఎవరి దగ్గర ఉందో చూడండి.

గుజరాత్‌లో దీపావళికి చోప్డా పూజ చేస్తారు. కొత్త జమాఖర్చు పుస్తకాలను పీట మీద పెట్టి, స్వస్తిక్ వేసి, శుభ్ లాభ్ అని రాసి హారతిస్తారు. లెక్కల పుస్తకాన్ని దేవుడిని చేసుకున్న నేల ఇది. బావ వాళ్ల కారఖానాలో ఏటా ఆ పూజ జరిగేది. కారీగర్లు చెప్పులు విప్పి దండం పెట్టేవాళ్లు, మిఠాయి డబ్బా తీసుకొని ఇరవై రోజుల సెలవుకు ఊళ్లు వెళ్లేవాళ్లు. ఆ పుస్తకంలో తమ పేరు కింద ఏముందో అడిగినవాడు లేడని బావే చెప్పాడు. అడగడం మర్యాద కాదట.

మొదటి దెబ్బ 2008లో. సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ మునిగింది. ఆ దీపావళి సెలవులకు వెళ్లిన వాళ్లలో వేలమందికి కారఖానా తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. బావకు నాలుగు నెలలు పని లేదు. అక్క పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది, తను చీర అంచు పనికి వెళ్లింది. ఇక్కడే ఆయన జాగ్రత్త నేర్చుకుంటాడని నేననుకున్నాను. జరిగింది తలకిందులు. మందీ పోయి తేజీ వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువ కూలి వచ్చింది. దాంతో ఆయనకు ఒకే పాఠం మిగిలింది: మందీ వస్తది, పోతది. సుడి దాటినవాడికి ఈత వచ్చిందన్న ధైర్యం వస్తుంది. ఒడ్డుకు చేర్చింది ప్రవాహమేనని ఎవరు చెప్పినా వినడు.

వరాఛా గాలి కూడా అలాంటిదే. 2014 దీపావళికి ఒక వజ్రాల వ్యాపారి, సావ్జీ ఢోలకియా, తన పనివాళ్లకు 491 కార్లు కానుకగా ఇచ్చాడు. 2016లో ఇంకా పెంచి 1,260 కార్లు, 400 ఫ్లాట్లు అన్నాడు. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ కంపెనీలో పనిచేసే వాళ్లెంతమంది, ఆ ఊళ్లో సానబట్టే లక్షలమందిలో వాళ్లది ఎంత వంతు అని ఎవరూ లెక్క వేయలేదు. ప్రతి ఘంటి దగ్గరా ఒక కారు నిలబడి ఉన్నట్టే మాట్లాడుకున్నారు.

ఆ ఏడే బావ ఫ్లాట్ కొన్నాడు. యోగిచౌక్ దాటాక, నాలుగో అంతస్తు, ఒక గది, హాలు, వంటిల్లు. బ్యాంకు నుంచి 14 లక్షలు, తొమ్మిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు. నెలకు 13,050 కిస్తు. గృహప్రవేశానికి లింబాయత్ నుంచి మేమంతా వెళ్లాం. బాల్కనీలో నిలబడి చూస్తే ఒకవైపు కారఖానాల రేకులు, దూరంగా తాపీ నది మీద మంచు. బావ చేతులు వెనక్కి కట్టుకొని శేఠ్‌లా నిలబడ్డాడు. నేను, నా బుద్ధి పోనిచ్చుకోక, ఆ రోజే లెక్క చెప్పాను. "మొదటి నెల కట్టే 13,050లో వడ్డీకే 11,083 పోతది బావా, అసలు తగ్గేది 1,967." అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నిజం చెప్పడానికి కూడా ఒక వేళ ఉంటుందని మెహతాజీలకు ఎవరూ నేర్పరు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. కారఖానాలు మూతబడ్డాయి. రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా కిస్తులు ఆపుకోవచ్చని అవకాశమిచ్చింది. బావ ఆరు నెలలు కట్టలేదు. "సర్కారు మాఫ్ చేసింది" అన్నాడు. మాఫీ కాదు, వాయిదా, ఆ ఆరు నెలల వడ్డీ వెళ్లి అసలులో కూచుంటుంది అని ఫోన్‌లో చెప్పాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సరే, అక్కకిస్త" అని ఫోన్ ఇచ్చేశాడు.

ఆ మౌనాన్ని నేను బద్ధకం అనుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారు. లెక్క చూడని మనిషిని చూడగానే సోమరి అనో దుబారా అనో తెలివితక్కువ అనో ముద్ర వేస్తారు. బావ దుబారా మనిషి కాదు. తాగడు. చెప్పులు రెండేళ్లు వాడతాడు. ఆయనది భయం. లోపల ఏదో కుళ్లుతోందని తెలిసి డాక్టరు దగ్గరకు వెళ్లని వాడి భయం. చూడనంత కాలం అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. పైగా సిగ్గు ఒకటి. బావమరిది ముందు, చదువుకున్నవాడి ముందు, తన చేతగానితనం అంకెల్లో పరవడం.

2021 తేజీ ఒక వెలుగు వెలిగింది. కరోనాలో ఇల్లు కదలని అమెరికావాళ్లు నగలు కొన్నారు. బావకు నెలకు ముప్పై రెండు వేలు కూడా వచ్చిన నెలలున్నాయి. ఆ పన్నెండు పద్నాలుగు నెలలే, ఇప్పుడు తల్చుకుంటే, ఆయన చేతిలోంచి జారిన రాయి. మోటార్‌సైకిల్ వచ్చింది, గోడంత టీవీ వచ్చింది. తప్పు పట్టను. ఇరవై ఏళ్లు వంగి కూచున్న మనిషి ఒక ఏడాది నిటారుగా కూచున్నాడు.

తర్వాత అన్నీ కలిసి వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం. ప్రపంచపు ముడి వజ్రాల్లో మూడోవంతు దాకా తవ్వే రష్యా కంపెనీ అల్‌రోసా మీద ఆంక్షలు. చైనాలో పెళ్లిళ్ల గిరాకీ పడిపోయింది. ల్యాబ్‌లో పెంచిన వజ్రం ధర పాతాళానికి పోయి, అసలు వజ్రాన్ని కూడా వెంట లాగింది. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా అధ్యక్షుడి భార్యకు ఇచ్చిన ఏడున్నర కారెట్ల వజ్రం భూమిలోంచి తీసింది కాదు, ల్యాబ్‌లో పెంచింది. ఆ అక్టోబర్ మధ్య నుంచి రెండు నెలలు ముడిరాయి దిగుమతే ఆపుకుందామని వ్యాపార సంఘాలు పిలుపునిచ్చాయి. డిసెంబర్ 17న ఖజోద్‌లో సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు, 67 లక్షల చదరపు అడుగుల భవనం. ఆ వారం బావకు మూడు రోజులే పని. దేశం నుంచి సానబట్టిన వజ్రాల ఎగుమతి 2021-22లో 2,400 కోట్ల డాలర్లకు పైగా ఉండేది. 2024-25కి 1,330 కోట్ల డాలర్ల దగ్గరకు వచ్చింది. ఆ మధ్యలో పోయిన వెయ్యి కోట్ల డాలర్లలో మా అక్క గాజులు రెండు ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట. వజ్రాలు మొదట మనవని బావకు చెబితే నమ్మలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది, ఆడా మగా పిల్లలూ, పనిచేయడం చూశానని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. ఆయన దిగిన రేవు కూడా ఈ సూరతే. ఇప్పుడు కొల్లూరు పులిచింతల జలాశయం అడుగున ఉంది. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం ఇంకా తలలు వంచుకొని రాళ్లు ఏరుతూనే ఉంటారు. "ఆ అరవై వేల మంది ఏమైండ్రు?" అన్నాడు బావ. రాజుల పేర్లు, రాళ్ల పేర్లు మిగిలాయి, వాళ్ల లెక్క ఎవరూ రాయలేదు అన్నాను. "మరి మనకెందుకు చెప్తవ్ రాయమని" అన్నాడు. ఎగతాళో కాదో తెలియలేదు.

2024 జూలైలో గుజరాత్ డైమండ్ వర్కర్స్ యూనియన్ వాళ్లు ఒక ఫోన్ నంబర్ ప్రకటించారు, ప్రాణం తీసుకోవాలనిపించినవాళ్లు చేయడానికి. ఆగస్టులో కిరణ్ జెమ్స్ అంత పెద్ద సంస్థే యాభై వేల మందికి పది రోజుల సెలవు ప్రకటించింది. ఆ నంబరున్న పేపరు ముక్కను అక్క చించి గోధుమపిండి డబ్బా కింద దాచిందని విని, మర్నాడే వెళ్లాను.

ఈసారి నేనేమీ అడగలేదు. అడగొద్దని అక్కే ఆపింది. ఇన్నేళ్లూ నేను చేసిన తప్పు ఏమిటో వంటింట్లో చపాతీలు ఒత్తుతూ ఒక్క ముక్కలో చెప్పింది: "నువ్వు వచ్చుడే 'మొత్తం అప్పెంత' అనుకుంట వస్తవ్." నిజమే. మా వృత్తిలో పాత నిల్వ తేలకుండా కొత్త ఖాతా మొదలవదు. అదే ప్రశ్న మనిషికి మొదట వేస్తే తలుపేసుకుంటాడు. "లెక్క అడుగకు. పొట్లాలు కట్టుమను. అది ఆయనకొచ్చిన పని" అంది.

ఆ రాత్రి బావ ముందు తెల్లకాగితాలు పెట్టింది. ఆ వారం కూలి మూడు వేల రెండు వందలు నేల మీద ఉంది. ఆయన కాసేపు చూశాడు. తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. మడత, మడత, వేలి గోరుతో గీత, తిప్పి మళ్లీ మడత. ఆరు పడీకులు. ఒక్కోదానిలో నోట్లు పెట్టి, చెవిమీది పెన్సిల్ తీసి రాశాడు. కిరాణా. పాలు. కరెంటు. బడి. వడ్డీ. ఆరోదాని దగ్గర ఆగాడు. దానిలో పెట్టడానికి యాభై రూపాయలే మిగిలాయి. 'ఇల్లు' అని రాసి, ఆ యాభై పెట్టి మూశాడు.

మూడు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. "వడ్డీ పొట్లం ఎందుకురా గింత లావుంటది?" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి లెక్క ప్రశ్న అది. వెళ్లి కూచున్నాను. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, అడక్కుండానే. కిస్తులు కట్టడానికి నూటికి మూడు రూపాయల మీద లక్షా ఇరవై వేలు తెచ్చాడు. నెలకు 3,600 వడ్డీకే. అంటే తొమ్మిదిన్నర శాతం అప్పు తీర్చడానికి ముప్పై ఆరు శాతం అప్పు. శేఠ్ దగ్గర ఉపాడ్ అరవై అయిదు వేలు. గాజుల మీద తొంభై వేలు. బ్యాంకుకు ఎనిమిదేళ్లలో కట్టింది పదకొండు లక్షల పైచిలుకు. ఇంకా కట్టాల్సింది కూడా పదకొండు లక్షల పైచిలుకే. 2022 మే నుంచి వడ్డీరేట్లు పెరిగినప్పుడు కిస్తు పెరగలేదని సంతోషించాడు, పెరిగింది నెలల సంఖ్య. ఆ కాగితం అప్పుడే వచ్చింది, కవరు చించలేదు.

బావ ఆ కాగితాన్ని కంటికి దగ్గరగా, రాయిని చూసినట్టు చూశాడు. "ఈ లెక్కంత మూడేండ్ల కింద చూస్తె?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. తేజీలో నెలకు ఆరేడు వేలు పక్కన పడి ఉంటే ఏమయ్యేదో ఆయనకు నాకంటే తొందరగానే తెలిసింది.

ఇంకో నిజం కూడా రాయాలి. ఆ రాత్రి ఇంటికి వచ్చి నా పీఎఫ్ ఖాతా తెరిచి చూశాను. పదకొండేళ్ల తర్వాత. ఊళ్లోవాళ్ల పద్దులన్నీ రాసే మెహతాజీ.

మూడు కిస్తులు తప్పితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది, ఆ తర్వాత అరవై రోజుల నోటీసు. బావ నోటీసు దాకా ఆగలేదు. పొట్లాలు చూసి తనే అన్నాడు, "వేలం వెయ్యకముందు మనమే అమ్ముకుందం." వరాఛాలో అప్పటికి అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేరు. 2025 ఫిబ్రవరిలో పదిహేడు లక్షలకు బేరం తెగింది. బ్యాంకు పోను, మూడు రూపాయల వడ్డీవాడు పోను, ఉపాడ్ పోను, గాజులు విడిపించగా, చేతికి రెండు లక్షలు మిగిలాయి. ఉపాడ్ చుక్తా అయినప్పుడు శేఠ్ పుస్తకంలో తన పేజీ మొదటిసారి చూశాడట. శేఠ్ మంచివాడే, తప్పేమీ రాయలేదు, పేజీ మీద అడ్డగీత కొట్టి చాయ్ తెప్పించాడట.

ఇప్పుడు లింబాయత్‌లో మా గల్లీకి రెండు గల్లీల అవతల ఉంటారు. బావ ఎంబ్రాయిడరీ కారఖానాలో రాత్రి డ్యూటీ. 2025 ఆగస్టులో అమెరికా యాభై శాతం సుంకం వేసిందని వార్త వచ్చిన రోజు టీవీ ముందు నిలబడి చూశాడు, ఏమీ అనలేదు, టిఫిన్ డబ్బా తీసుకొని పనికి వెళ్లాడు.

తాళాలు ఇచ్చిన రోజు నేనూ ఉన్నాను. సామాను టెంపోలో ఎక్కించాక, ఖాళీ హాలులో నేల మీద కూచుని బావ పొట్లాలు సంచిలో సర్దుతున్నాడు. 'ఇల్లు' అని రాసిన పడీకు విప్పి నోట్లు లెక్కపెట్టాడు. రెండు వేల నూటయాభై. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలో పట్టుకున్నాడు. పెన్సిల్ తీసి, రాసిన మాట మీద ఒక్క గీత కొట్టి, కింద 'కిరాయి' అని రాశాడు. కాగితం మళ్లీ పాత మడతల్లోనే మూసుకుంది.